నల్లమందుకీ తుపాకీకీ లంకె ఎక్కడ పడుతుంది?

రెండు దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే బుర్ర తిరుగుతుంది. అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్లు తిరుగుబాటు నడిపిన తాలిబన్లు 2021 ఆగస్టులో గెలిచి కాబూల్‌లో కూర్చున్నారు. నల్లమందు మీద పన్నుతో బతికారని పేరుపడ్డ ఆ తాలిబన్లే 2022 ఏప్రిల్‌లో పంటను నిషేధించారు. ఆ ఏడాది 2,33,000 హెక్టార్లున్న గసగసాల సాగు మరుసటి ఏడాదికల్లా 10,800 హెక్టార్లకు పడిపోయింది. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం యూఎన్ఓడీసీ కట్టిన లెక్క ఇది, 95 శాతం తగ్గుదల. కొలంబియాలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. యాభై ఏళ్లు పోరాడిన ఫార్క్ గెరిల్లాలు 2016లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 2017లో ఆయుధాలు అప్పగించి అడవి వదిలి వచ్చేశారు. కొకైన్‌కు మూలమైన కోకా సాగు అక్కడ 2013లో 48,000 హెక్టార్లు. పదేళ్లు తిరిగేసరికి 2023లో 2,53,000 హెక్టార్లు.

అంటే తిరుగుబాటుదారులు గెలిచిన చోట పంట మాయమైంది, తుపాకులు దించిన చోట ఐదింతలైంది. డ్రగ్స్ డబ్బుతోనే తిరుగుబాటు బతుకుతుంది, తిరుగుబాటు అండతోనే డ్రగ్స్ పండుతాయి అని మనం రోజూ వినే సూత్రమే నిజమైతే ఈ రెండిట్లో ఏదీ జరగకూడదు. సూత్రం మొత్తం తప్పని కాదు. లంకె ఉంది, గట్టిగానే ఉంది. అయితే అందరూ డబ్బు దగ్గర వెతుకుతున్నారు, అది ఎక్కువగా ఉన్నది మాత్రం రైతు దగ్గర.

నార్కో టెర్రరిజం అనే మాట పుట్టింది 1983లో, పెరూ అధ్యక్షుడు ఫెర్నాండో బెలౌందే టెర్రీ నోట. డ్రగ్స్ నిరోధక పోలీసుల మీద జరుగుతున్న దాడుల గురించి చెబుతూ వాడాడు. మరుసటి ఏడాది మార్చిలో కొలంబియా అడవిలో ట్రాంక్విలాండియా అనే భారీ కొకైన్ స్థావరం దొరికింది, సుమారు 14 టన్నుల సరుకుతో సహా. అప్పటి అమెరికా రాయబారి లూయిస్ టాంబ్స్ దాన్ని చూపించి నార్కో గెరిల్లా అన్నాడు, ఫార్క్, కార్టెల్ (కొకైన్ వ్యాపారుల ముఠా) ఒకటేనని దాని అర్థం. ఆ స్థావరం మెడెలిన్ కార్టెల్‌ది. అదే కార్టెల్ పెద్దలు అంతకు మూడేళ్ల ముందు, 1981లో, తమలో ఒకరి చెల్లెల్ని ఎం-19 గెరిల్లాలు కిడ్నాప్ చేశారన్న కోపంతో గెరిల్లాలను చంపడానికే ప్రత్యేకంగా ఒక ముఠాను పోషించారు. కొకైన్ డబ్బుతో వేల ఎకరాలు కొని భూస్వాములైపోయిన వాళ్లకి, భూస్వాముల దగ్గర పన్ను గుంజే గెరిల్లాలతో పొత్తు ఎంతకాలం కుదురుతుంది? అక్కడక్కడా కుదిరింది, చాలా చోట్ల రక్తాలు పారాయి. మాట మాత్రం అతుక్కుపోయింది, ఎందుకంటే ప్రభుత్వాలకి అది భలే సౌకర్యం. తిరుగుబాటు వెనక భూమి గొడవ ఉందా, కులమో తెగో పడ్డ అవమానం ఉందా అన్న ప్రశ్నలన్నీ పక్కకి పోతాయి, వాళ్లు దొంగలు అంతే అని తేల్చేయొచ్చు, పైగా బయటి దేశాల నుంచి డ్రగ్స్ పేరు మీద హెలికాప్టర్లు కూడా వస్తాయి.

సరే, రైతు దగ్గరికి వెళ్దాం. గసగసాల పూరేకులు రాలిపోయాక కాయ మిగులుతుంది, కోడిగుడ్డు కన్నా చిన్నది, ఆకుపచ్చగా. మధ్యాహ్నం దాటాక ఆ కాయకి చిన్న చిన్న బ్లేళ్లు బిగించిన పనిముట్టుతో పైపైన గాట్లు పెడతారు. లోతుగా పడితే పాలు లోపలికే కారిపోతాయి, మరీ పైపైన పడితే రానే రావు, కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. తెల్లటి పాలు రాత్రంతా ఊరి, తెల్లారేసరికి గోధుమరంగు జిగురుగా గట్టిపడతాయి. దాన్ని గోకి డబ్బాలో వేసుకుంటారు. ఒకే కాయకి కొన్ని రోజుల వ్యవధిలో మూడు నాలుగు సార్లు ఇదే పని. ఎకరంలో ఎన్ని వేల కాయలుంటాయో ఊహించుకుంటే గోధుమ చేనుకీ దీనికీ కూలీ పనిలో తేడా ఎంతో తెలుస్తుంది. కోత సీజన్లో భూమిలేని కూలీలు జిల్లాలు దాటి వచ్చేది ఈ పనికే. పంట వేసిన ఆసామి ఒక్కడే కాదు, గాట్లు పెట్టే కూలీ, అప్పిచ్చే వ్యాపారి, మోసే డ్రైవరు, అందరి తిండీ ఆ కాయలోనే ఉంది.

యుద్ధం జరిగే చోట ఈ పంటకి ఉన్న సుగుణాలు మరే పంటకీ లేవు. రోడ్డు లేకపోయినా నష్టం లేదు, ఎందుకంటే కిలోల్లో మోసుకెళ్లొచ్చు, బస్తాల్లో కాదు. కుళ్లదు, ఆరబెట్టి గుడ్డలో చుట్టి దాచుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది, ఇంట్లో బంగారం ఉన్నట్టే. నీళ్లు తక్కువైనా ఎదుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వ్యాపారి పంట రాకముందే డబ్బిస్తాడు. అఫ్గాన్ రైతులు దీన్ని సలామ్ అంటారు. చలికాలంలో ఇంటి ఖర్చులకి అడ్వాన్సు తీసుకుని, వేసవిలో ముందుగా ఒప్పుకున్న తక్కువ ధరకి నల్లమందు తూచి ఇచ్చేయాలి. బ్యాంకు మొహం చూడని ఊళ్లో అప్పు పుట్టేది ఈ ఒక్క పంట మీదే. గోధుమ వేస్తానంటే ఎవడూ పైసా ఇవ్వడు.

ఇప్పుడు ఆ ఊరికి తుపాకీ పట్టుకున్న ఒక గుంపు వచ్చిందనుకుందాం. డ్రగ్స్ వ్యాపారం వాళ్లు మొదలుపెట్టనక్కర్లేదు, అది ముందే ఉంటుంది. వాళ్లు చేసేది పన్ను వేయడం. తాలిబన్లు పంటలో పదో వంతు ఉష్ర్ పేరుతో తీసుకునేవాళ్లు. ఇది గోధుమ మీదా ఉండేది, నల్లమందు కోసం కొత్తగా కనిపెట్టింది కాదు. హెరాయిన్ వండే చోట మరో పన్ను, లారీ మీద మరోటి. లారీ డ్రైవర్లు పదే పదే చెప్పిన విషయం ఒకటుంది. తాలిబన్ చెక్‌పోస్టులో డబ్బు కడితే రసీదు ఇచ్చేవాళ్లు, ఆ రసీదు చూపిస్తే తర్వాతి తాలిబన్ పోస్టులో మళ్లీ అడిగేవాళ్లు కాదు. ప్రభుత్వ పోలీసుల పోస్టుల్లో మాత్రం ప్రతి చోటా మామూలు కట్టాల్సిందే, రసీదూ లేదు, లెక్కా లేదు. ఎవరు ప్రభుత్వమో ఎవరు తిరుగుబాటుదారులో డ్రైవరుకి ఆ కాగితం ముక్కతోనే తెలిసిపోతుంది.

తాలిబన్ల ఆదాయంలో డ్రగ్స్ వాటా ఎంత? దీని మీద పెద్ద గొడవే ఉంది. అమెరికా సైన్యాధికారులు సగానికి పైగా అనేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ ఊళ్లల్లో తిరిగి లెక్కలు రాసిన డేవిడ్ మాన్స్‌ఫీల్డ్ లాంటి పరిశోధకులు మాత్రం అది బాగా పెంచి చెప్పిన అంకె అన్నారు. ఇరాన్ సరిహద్దులోని నీమ్రోజ్ లాంటి చోట తాలిబన్లకి డీజిల్ మీద, మామూలు సరుకుల రవాణా మీద వచ్చిన పన్ను డ్రగ్స్ పన్ను కన్నా చాలా ఎక్కువని తేల్చారు. ఈ రెండో మాటే నిజానికి దగ్గరగా ఉంది. రోడ్డు చేతిలో ఉన్నవాడికి సిగరెట్లయినా ఒకటే, సిమెంటయినా ఒకటే, నల్లమందయినా ఒకటే.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో 2017 నవంబరులో చూశాం. హెల్మంద్ ప్రావిన్సులో హెరాయిన్ వంటశాలల మీద అమెరికా వైమానిక దాడులు మొదలుపెట్టింది. బీ-52 బాంబర్లు వచ్చాయి, అఫ్గాన్ యుద్ధంలో మొట్టమొదటిసారి ఎఫ్-22 యుద్ధ విమానం కూడా బాంబు వేసింది. తాలిబన్ల ఖజానా మీద దెబ్బ కొడుతున్నామన్నారు. అక్కడ ఉన్నవి మట్టి గోడల మధ్య కొన్ని ఇనుప పీపాలు, పొయ్యి, పిండడానికి ఒక ప్రెస్సు, కాస్త కెమికల్. పోతే కొద్ది రోజుల్లో మరో చోట పొయ్యి పెట్టుకోవచ్చు. ఒక్కో విమానం ఒక్క గంట ఎగరడానికి అయ్యే ఖర్చుతో ఇలాంటివి ఎన్నో కట్టుకోవచ్చు, కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు. 2019 నాటికి ఆ దాడులు చడీచప్పుడు లేకుండా ఆగిపోయాయి. 2002 నుంచి అఫ్గాన్‌లో డ్రగ్స్ కట్టడికి అమెరికా పెట్టిన ఖర్చు ఎనిమిది వందల కోట్ల డాలర్లు దాటింది, ఆ కాలంలోనే, 2017లో, సాగు 3,28,000 హెక్టార్లతో చరిత్రలోనే ఎక్కువకి చేరింది.

డబ్బు లంకె అంత బలహీనమైతే మరి గట్టి లంకె ఏది అన్నదానికి పెరూలో అప్పర్ వాయాగా లోయ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1980లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోకా ఆకు అక్కడే పండేది. కొనడానికి కొలంబియన్లు చిన్న విమానాల్లో వచ్చేవాళ్లు, ధర వాళ్లు చెప్పిందే, ఎదురుమాట్లాడిన రైతుకి దెబ్బలు. మరోపక్క అమెరికా డబ్బుతో నడిచే సర్కారీ బృందాలు వచ్చి చేలు పీకేసేవి. రైతు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. అప్పుడు షైనింగ్ పాత్ అనే మావోయిస్టు గెరిల్లాలు దిగి రెండు పనులు చేశారు. కొనుగోలుదారులతో బేరమాడి ఆకు ధర పెంచారు, విమానం దిగిన ప్రతిసారీ రుసుము కట్టించుకున్నారు. చేలు పీకడానికి వచ్చినవాళ్లని కాల్చారు. షైనింగ్ పాత్ ఎంత కర్కశమైన సంస్థో ఆ లోయ రైతులకి బాగానే తెలుసు, తమ మాట వినని ఊరిపెద్దల్ని నలుగురి ముందు చంపేసిన చరిత్ర వాళ్లది. అయినా చేనుని కాపాడేది వాళ్లొక్కరే.

1989లో ఉచీసా పట్టణంలో పోలీసు స్థావరం మీద గెరిల్లాలు విరుచుకుపడ్డాక జనరల్ అల్బెర్టో అర్సినియేగాను ఆ లోయకి అధికారిగా పంపారు. ఆయన చేసిన పని సైన్యాలకి అలవాటు లేనిది. మీ కోకా జోలికి మేం రాం అని రైతులకి చెప్పాడు, చేలు పీకే కార్యక్రమం ఆపించాడు, ఊళ్లల్లో సభలు పెట్టి వాళ్ల మాట విన్నాడు. కొద్ది నెలల్లోనే గెరిల్లాల కదలికల గురించి రైతులు తమంతట తామే సైన్యానికి చెప్పడం మొదలైంది, షైనింగ్ పాత్ వెనక్కి తగ్గింది. డ్రగ్స్ వ్యాపారం మాత్రం నిక్షేపంగా సాగింది. స్మగ్లర్లతో కుమ్మక్కయ్యాడని ఆయన మీద ఆరోపణలు వచ్చాయి, అమెరికా మండిపడింది, ఏడాది తిరక్కుండా ఆయన్ని అక్కడి నుంచి తీసేశారు. తిరుగుబాటుని అణచడం, డ్రగ్స్‌ని అణచడం అనేవి ఒకే పనికి రెండు పేర్లు కావు, చాలాసార్లు ఒకటి చేస్తే రెండోది చెడుతుంది. ఈ సంగతి ఒప్పుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే, టీవీల ముందు చెప్పుకోగలిగిన మాట కాదు.

ఫార్క్ కథ కూడా మొదట్లో వేరుగానే ఉంది. 1970ల చివర్లో కోకా వచ్చినప్పుడు అది విప్లవానికి చేటు అని వాళ్లు వద్దన్నారు. తీరా తమని నమ్ముకున్న వలస రైతులంతా అదే వేసుకుంటుంటే కాదని ఎక్కడికి పోతారు? 1980లు వచ్చేసరికి గ్రమాహే అని గ్రాముల లెక్కన పన్ను పెట్టారు, ఆ తర్వాత కొన్ని ప్రాంతాల్లో కొనుగోలు కూడా వాళ్ల చేతుల్లోకే పోయింది. నోట్లు చేరని మారుమూల పల్లెల్లో కోకా ముద్దే డబ్బుగా చెలామణీ అయ్యేది. కొట్టువాడి బల్ల మీద చిన్న తక్కెడ ఉంటుంది, సబ్బులు, నూనె, బీరు తీసుకున్నాక పొట్లం విప్పి ఇన్ని గ్రాములు అని తూచి ఇస్తారు. ఆ తక్కెడ సరిగ్గా తూగేలా చూసేదీ, తాగి గొడవపడిన వాళ్లకి జరిమానా వేసేదీ, భార్యాభర్తల పంచాయితీ తీర్చేదీ గెరిల్లా కమాండరే. ప్రభుత్వం అనేది ఆ ఊరికి ఆకాశంలో మాత్రమే కనిపించేది, కలుపుమందు జల్లే విమానం రూపంలో. ఆ జల్లడాన్ని 2015లో ఆపేశారు.

ఇంకో సంగతి, డ్రగ్స్ డబ్బు ఎప్పుడూ తిరుగుబాటు వైపే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. కొలంబియాలోనే గెరిల్లాలని చంపడానికి పుట్టిన ఏయూసీ అనే పారామిలిటరీ కూటమి నాయకుడు కార్లోస్ కస్తాన్యో 2000లో టీవీ ఇంటర్వ్యూలో తమ డబ్బులో 70 శాతం డ్రగ్స్ నుంచే వస్తోందని తనే చెప్పాడు. ఆ కూటమిలో చాలామందికి సైన్యంతో, రాజకీయ నాయకులతో ఉన్న చుట్టరికాలు తర్వాత కోర్టుల్లో బయటపడ్డాయి.

2016 ఒప్పందం తర్వాత జరిగింది చూస్తే మొదట్లో చెప్పిన చిక్కుముడి విడిపోతుంది. ఫార్క్ వెళ్లిపోయింది, ఆ ఖాళీలోకి రోడ్డు, కోర్టు, బ్యాంకు రావాలి, రాలేదు. దాదాపు 99,000 కుటుంబాలు కోకా పీకేస్తాం, బదులు సాయం ఇవ్వండి అని పథకంలో చేరాయి. చాలామంది మాట నిలబెట్టుకుని మొక్కలు పీకేశారు కూడా, ఇస్తామన్న సాయం మాత్రం సగం సగంగా, ఆలస్యంగా వచ్చింది. ఖాళీ అయిన కుర్చీలోకి ఈఎల్ఎన్ అనే మరో గెరిల్లా సంస్థ, ఒప్పందం ఒప్పుకోని ఫార్క్ ముక్కలు, క్లాన్ దెల్ గోల్ఫో అనే ముఠా ఎగబడ్డాయి. 2025 జనవరిలో వెనెజులా సరిహద్దునున్న కతతుంబోలో ఈఎల్ఎన్‌కీ ఫార్క్ నుంచి విడిపోయిన 33వ ఫ్రంట్‌కీ యుద్ధం మొదలైతే 50,000 మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు, కొంతమంది సరిహద్దు దాటి వెనెజులాలోకి పోయారు. కొన్నేళ్ల కింద వెనెజులా నుంచి పారిపోయి వచ్చిన జనం తలదాచుకున్న చోటు కూడా ఇదే, ఇప్పుడు దారి తిరగబడింది.

ఇక మయన్మార్. ఈ విషయంలో అన్నిటికన్నా మెలికలున్న దేశం అదే, ఎవరు ఏ వైపో చెప్పడం అక్కడి వాళ్లకే కష్టం. చైనాలో 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన కువోమింతాంగ్ పార్టీ సైనికులు మయన్మార్ తూర్పునున్న షాన్ రాష్ట్రంలోకి వచ్చిపడి, సీఐఏ సాయంతో కాలు నిలుపుకుని, నల్లమందు వ్యాపారాన్ని పెద్ద ఎత్తున పెంచారు. 1963 నుంచి జనరల్ నే విన్ ప్రభుత్వం ఒక ఎత్తు వేసింది. స్థానిక దళాలకి కా క్వే యే అని పేరుపెట్టి, తిరుగుబాటుదారులతో మీరు కొట్లాడండి, జీతాలు మేం ఇవ్వలేం, సర్కారు రోడ్ల మీద మీ సరుకు మీరు తోలుకోండి అంది. సరుకంటే ఏంటో అందరికీ తెలుసు. నల్లమందు రారాజుగా పేరుపడ్డ ఖున్ సా పైకొచ్చింది ఈ దళాల్లోంచే. 1967లో అతని కంచరగాడిదల బిడారు లావోస్ సరిహద్దులోని బాన్ ఖ్వాన్ చేరినప్పుడు కువోమింతాంగ్ దళాలు అడ్డం పడ్డాయి, ఇద్దరూ కొట్టుకుంటుంటే లావోస్ సైన్యాధిపతి విమానాలు పంపి ఇద్దరి మీదా బాంబులు వేయించి నల్లమందు తను పట్టుకుపోయాడు. తర్వాత అదే ఖున్ సా షాన్ స్వాతంత్ర్య నాయకుడి అవతారం ఎత్తి వేల మంది సైన్యాన్ని నడిపాడు, 1996లో లొంగిపోయాడు. అమెరికా అతని తల మీద వెల కట్టినా మయన్మార్ అప్పగించలేదు, యాంగోన్‌లో హాయిగా బతికి 2007లో కన్నుమూశాడు.

1989లో బర్మా కమ్యూనిస్టు పార్టీ కూలి, దాని సైన్యం తెగల వారీగా చీలిపోయినప్పుడు సర్కారు వాళ్లందరితో కాల్పుల విరమణలు చేసుకుంది. లోపాయికారీ షరతు పాతదే, మా మీదికి రాకండి, మీ వ్యాపారం మీరు చేసుకోండి. అలా నిలదొక్కుకున్న వా తెగ సైన్యం 2005లో తమ ప్రాంతంలో గసగసాలు నిషేధించింది, వేల కుటుంబాలు కొండల మీద ఆకలితో మిగిలాయి. వ్యాపారం ఆగిందా అంటే, యాబా మాత్రల్లోకి మళ్లింది, యాబా అంటే మెథాంఫెటమిన్, పొట్టిగా మెథ్, కలిపిన మత్తు మాత్ర.

ఈ మళ్లడమే అసలు కీలకం, దీని గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదు. మెథ్‌కి చేను అక్కర్లేదు, వాన అక్కర్లేదు, వేల మంది కూలీలు అక్కర్లేదు. కెమికల్స్, జనరేటరు, ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు, బయటివాడు అడుగుపెట్టలేని ఒక లోయ చాలు. నల్లమందు కాలంలో తుపాకీ పట్టుకున్నవాడికి రైతుతో పని ఉండేది. రైతు అలిగితే పంట లేదు, దాచుకోవడానికి ఊరు లేదు, కాబట్టి ఎంతో కొంత న్యాయం చేయాల్సి వచ్చేది. మెథ్ కాలంలో రైతు ఎవడికీ అక్కర్లేదు. చుట్టుపక్కల కుర్రాళ్లు ఆ మాత్రలకి అలవాటుపడి పాడైపోతుంటే జనం కోపం కూడా ఆ తుపాకీ మీదికే తిరుగుతుంది. అందుకే షాన్ రాష్ట్రంలోని తాంగ్ తెగ తిరుగుబాటు దళం టీఎన్ఎల్ఏ డ్రగ్స్ నిర్మూలననే తన జెండాగా చేసుకుంది. 2020 మొదట్లో కుత్‌కాయ్ దగ్గర దాదాపు 20 కోట్ల యాబా మాత్రలు, 3,700 లీటర్ల మిథైల్ ఫెంటానిల్ అనే మత్తుమందు పట్టుబడ్డాయి. అది ఏ తిరుగుబాటు సంస్థ అడ్డానో కాదు, సైన్యానికి అనుబంధంగా ఉన్న ఒక మిలీషియా ప్రాంతం.

2021 సైనిక కుట్ర తర్వాత మళ్లీ చేలు కూడా పెరిగాయి. ఉద్యోగాలు పోయి, ధరలు పెరిగి, రోడ్లు మూసుకుపోయి, జనం పాత పంటకే తిరిగొచ్చారు. 2020లో 29,500 హెక్టార్లున్న సాగు 2023లో 47,100 అయింది. ఆ ఏడాది మయన్మార్ 1,080 టన్నుల నల్లమందు పండిస్తే అఫ్గానిస్తాన్ 333 టన్నుల దగ్గర ఆగింది, ప్రపంచంలో మొదటి స్థానం చేతులు మారింది. ఇరుగుపొరుగు దేశాల భద్రతకి దీనితో ఉన్న ముప్పు ఇక్కడే కళ్లకి కడుతుంది. తూర్పు, ఆగ్నేయాసియాలో 2024లో పట్టుబడ్డ మెథ్ 236 టన్నులు. అదే ఏడాది నవంబరులో అండమాన్ సముద్రంలో మన కోస్ట్ గార్డ్ ఒక మయన్మార్ చేపల పడవని ఆపితే అందులో ఐదున్నర టన్నులకి పైగా మెథ్ దొరికింది. మణిపూర్ కొండల్లో గసగసాల చేలు, సరిహద్దు ఊరు మోరే దారి, మిజోరంలో చంఫాయ్ దారి, మయన్మార్‌తో మనకున్న 1,643 కిలోమీటర్ల సరిహద్దు. సరుకు ఇటు వస్తోందని అందరూ అంటారు, ఇటు నుంచి అటు పోయేదాని గురించి తక్కువ మాట్లాడతారు. జలుబు మాత్రల్లో వాడే సూడోఎఫెడ్రిన్ భారత్ నుంచి దొంగదారిన మయన్మార్ వెళ్లి, యాబాగా మారి తిరిగొచ్చిన సంగతి ఈశాన్యంలో అధికారులకి కొత్త కాదు. ఇక మణిపూర్‌లో 2023 మే నుంచి సాగిన హింసలో "నార్కో" అన్న ముద్ర ఒక తెగ మొత్తం మీద వేసేశారు. పొలంలో పనిచేసే పేద కుటుంబం, పెట్టుబడి పెట్టే పెద్దమనిషి, మధ్యలో వసూలు చేసే దళం, ఈ ముగ్గురినీ ఒకే పేరుతో పిలిస్తే దొరకాల్సినవాడు తప్ప అందరూ దొరుకుతారు.

ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణ అంచునున్న సహేల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అక్కడ పండేదేమీ లేదు, దక్షిణ అమెరికా కొకైన్ యూరప్ వెళ్లే దారి మాత్రమే. 2009లో మాలి ఎడారిలో కాలిపోయిన ఒక బోయింగ్ 727 దొరికింది, కొకైన్ దింపి తగలబెట్టారని అంతా నమ్మారు. అలాంటి చోట లంకె అంటే టోల్ గేటు అంతే, గుంపు మారితే గేటు మారుతుంది.

సిరియా మాత్రం పాఠాన్ని తలకిందులు చేసింది. 2020 జులైలో ఇటలీలోని సలెర్నో రేవులో 14 టన్నుల కాప్టగాన్ అనే ఆంఫెటమిన్ రకం మత్తుమందు పట్టుబడింది, 8 కోట్ల 40 లక్షల మాత్రలు, కాగితం చుట్టల్లో, యంత్రాల పళ్లచక్రాల్లో కుక్కి ఉన్నాయి. ఐసిస్ ఉగ్రవాదులు తయారు చేశారని ఇటలీ పోలీసులు ఆ రోజే ప్రకటించారు, ప్రపంచమంతా హెడ్‌లైన్లు. ఆ స్థాయి సరుకు తయారు చేసి, అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ ప్రభుత్వం చేతిలోని లతాకియా రేవు దాటించడం అప్పటికే చితికిపోయిన ఐసిస్ వల్ల ఎలా అవుతుందని ఆ హెడ్‌లైన్ల హోరులో అడిగినవాళ్లు తక్కువ. తర్వాత వేళ్లన్నీ అసద్ మనుషుల వైపే తిరిగాయి. 2024 డిసెంబరులో అసద్ పారిపోయాక సైనిక స్థావరాల్లో, గోదాముల్లో మాత్రల కుప్పలు బయటపడ్డాయి, వోల్టేజి స్టెబిలైజర్లలో, ప్లాస్టిక్‌తో చేసిన నకిలీ పండ్లల్లో కుక్కినవి.

ఈ మధ్యలో ఇరుగుపొరుగు పడ్డ తంటాలు తక్కువేం కాదు. దానిమ్మపళ్లల్లో మాత్రలు దొరికాయని 2021 ఏప్రిల్‌లో సౌదీ అరేబియా లెబనాన్ కూరగాయలు, పళ్లు మొత్తం ఆపేసింది, నష్టపోయింది లెబనాన్ రైతులు. 2022 జనవరిలో జోర్డాన్ సైన్యం కాల్పుల నిబంధనలు మార్చి, ఒక్కరోజే సరిహద్దులో 27 మంది స్మగ్లర్లని చంపింది. 2023 మేలో అరబ్ లీగ్ అసద్‌ని మళ్లీ లోపలికి రానిచ్చినప్పుడు బేరంలో కాప్టగాన్ ఒక ముఖ్యమైన అంశం, అంటే మందు తయారుచేసేవాడే దాన్ని ఆపుతానని చెప్పి కుర్చీ సంపాదించుకున్నాడు.

మళ్లీ అఫ్గానిస్తాన్‌కి వస్తే, తాలిబన్లు నిషేధించడం ఇది మొదటిసారి కాదు. 2000 జులైలోనూ చేశారు, 2001లో సాగు 8,000 హెక్టార్లకి పడింది, కిలో నల్లమందు 28 డాలర్ల నుంచి 301 డాలర్లకి ఎగిరింది. సలామ్ అప్పులు తీసుకున్న రైతులు మునిగారు, నిల్వలున్న వ్యాపారులు బాగుపడ్డారు. ఈసారీ అదే. 2023లో నల్లమందు అమ్మకం మీద రైతులకి వచ్చే రాబడి 136 కోట్ల డాలర్ల నుంచి 11 కోట్లకి పడిపోయిందని యూఎన్ఓడీసీ చెప్పింది. హెల్మంద్‌లో పెద్ద కమతాలున్నవాళ్ల ఇళ్లల్లో పాత సరుకుంది, ధర పెరిగితే వాళ్లకి పండగే, అందుకే అక్కడ నిషేధానికి ఎదురు రాలేదు. బదఖ్షాన్ కొండల్లో అరెకరం, ఎకరం ఉన్నవాళ్లకి అలాంటి నిల్వలేం లేవు. 2024లో దేశంలో మిగిలిన సాగులో ఎక్కువ భాగం ఆ ఈశాన్య మూలనే ఉంది. పైగా అక్కడ ఎక్కువమంది తాజిక్‌లు, చేలు దున్నేయడానికి వచ్చేది దక్షిణాది పష్తూన్ తాలిబన్లు. ఆ ఏడాది మేలో ఊళ్లు తిరగబడ్డాయి, కాల్పుల్లో మనుషులు చనిపోయారు, కాబూల్ నుంచి దర్యాప్తు బృందం పరుగెత్తాల్సి వచ్చింది.

ఒకప్పుడు చేను కాపాడతామంటూ వచ్చిన తాలిబన్లు ఇప్పుడు ట్రాక్టర్లేసుకుని చేను దున్నడానికి వస్తున్నారు, కాపాడేవాడి స్థానం మళ్లీ ఖాళీగా ఉంది. అదే మే నెలలో బదఖ్షాన్ ముఖ్యపట్టణం ఫైజాబాద్‌లో గసగసాలు ధ్వంసం చేయడానికి బయల్దేరిన తాలిబన్ పోలీసుల మీద మోటార్‌సైకిల్‌కి కట్టిన బాంబు పేలి ముగ్గురు చనిపోయారు. పేల్చింది తామేనని ఇస్లామిక్ స్టేట్ (ఐసిస్) ప్రకటించుకుంది.